బెల్టు సంగతి చెప్పని ఆదివారం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నా దగ్గర ఒక ఇటలీ మోటారుసైకిలు ఉండేది. ఎర్ర రంగుది, తొమ్మిదివందల సీసీ, రెండు సిలిండర్లు. రాజమండ్రిలో అలాంటిది ఇంకొకటి లేదు. రైల్వే గేటు దగ్గర ఆగితే పక్క స్కూటరాయన వంగి చూసి, "ఏవండీ, లోపలేదో ఊడినట్టుందండి, గలగలమంటోంది" అనేవాడు. ఊడింది కాదనీ, దీని క్లచ్ నూనెలో మునగకుండా పొడిగా తిరుగుతుందనీ, అందుకే ప్లేట్లు అలా మోగుతాయనీ నేను వివరంగా చెప్పేవాణ్ణి. అలా చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే, ఆ బండి నడపడం కంటే దాని గురించి చెప్పడమే నాకు ఎక్కువ ఇష్టమేమో అనిపిస్తుంది.

మాది మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. బండి కొన్నది కాకినాడలో, ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి దిగిపోయిన ఒక పెద్దాయన దగ్గర. ఆయన విదేశం నుంచి ఇంటిసామానుతో పాటు దాన్ని కూడా ఓడెక్కించుకుని తెచ్చుకున్నారు. మోకాళ్ళు అరిగిపోయి ఇక కూర్చోలేక నాకిచ్చారు. ఇచ్చేటప్పుడు ఇంజను పక్కనున్న నల్లటి మూతలు రెండూ వేలితో తట్టి చూపించారు.

"వీటి కింద రబ్బరు బెల్టులుంటాయి. వాల్వుల్ని ఆడించేది అవే. మీరు బండి తిప్పినా, మూల పెట్టి పూజ చేసుకున్నా, రెండేళ్ళకోసారి మార్చెయ్యాలి. బెల్టు తెగిందంటే వాల్వు వెళ్ళి పిస్టనుకి కొట్టుకుంటుంది. ఇంజను పోతుంది. నడిపేవాడి సంగతి వాడి అదృష్టం."

నేను తల ఊపాను. ఇంటికొచ్చి ఒక నోటుబుక్కు పెట్టి, ఏ తేదీన ఆయిలు మార్చానో, ఏ తేదీన గొలుసు కడిగానో రాయడం మొదలుపెట్టాను. బెల్టు పేజీ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ బెల్టులు మన దేశంలో దొరకవు. పెద్దాయనకి తెలిసిన ఓడవాళ్ళెవరైనా అటు వెళ్ళినప్పుడు తేవాలి. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అనుకున్నాను. రెండేళ్ళు మూడయ్యాయి, మూడు దాటింది.

అప్పట్లో మేము ఏడెనిమిది మందిమి ఆదివారం పొద్దున్నే కోరుకొండ రోడ్డు మొదట్లో ఒక టిఫిన్ బండి దగ్గర కలిసేవాళ్ళం. అందరివీ పాత బళ్ళే. ఒకరి దగ్గర తాతగారి కాలంనాటిది, ఇంకొకరి దగ్గర సైన్యం వేలంలో కొన్నది. పెసరట్టు తింటూ కార్బురేటర్ల గురించి మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళలో నాకు బాగా దగ్గరివాడు ఆత్రేయపురం పక్కన అరటితోటలున్న రైతు. మాకు చుట్టరికం ఏమీ లేదు. కాని మొదటిరోజే ఒకరినొకరు బావగారూ అని పిలుచుకున్నాం, అదే నిలిచిపోయింది. ఆయన దగ్గర పాత రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ బండి ఉండేది. దాని పిస్టన్లు వేడెక్కి ఎప్పుడు పట్టేస్తాయో తెలియదు. పట్టేస్తే వెనక చక్రం తిరగడం ఆగిపోతుంది. అందుకని ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచేవారు. కాలేజీ రోజుల నుంచి ఆయనకది అలవాటు.

మా బళ్ళన్నిటికీ వైద్యుడు కొవ్వూరులో లేతు షాపున్న మేస్త్రి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. తక్కువ మాట్లాడతారు. చెడిపోయిన భాగాన్ని చూసి, దాన్ని ఎవరు ఎలా చెడగొట్టారో చెప్పగలరు.

ఆ ఏడాది వేసవి చివర్లో బండి ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, ఒకసారి మూతలు విప్పి చూద్దాం అన్నాను. ఆయన మూత తీసి, బెల్టుని బొటనవేలితో వెనక్కి వంచారు. పళ్ళ మొదట్లో సన్నటి పగుళ్ళు, వరసగా, ఎండలో ఆరేసిన తోలు చెప్పుకి ఉన్నట్టు.

"ఎప్పుడేశారండి ఇది?" అన్నారు.

చెప్పాను. ఆయన మూత బిగించి చేతులు తుడుచుకుని, "కొత్తవి వచ్చేదాకా దీన్ని కదపకండి. ఇక్కణ్ణుంచి ఇంటికి కూడా ఆటోలో వేసుకెళ్ళండి" అన్నారు.

ట్రక్కు ఆటోలోనే తెచ్చాను. షాపు వెనక గోడౌనులో పెట్టి దుప్పటి కప్పాను. కాకినాడ ఫోను చేస్తే పెద్దాయన కోప్పడి, చివరికి తన పాత ఓడలో పనిచేసే ఒకాయనకి చెబుతానన్నారు. నెలలు పట్టొచ్చన్నారు.

ఆదివారం మిత్రులు బండేదని అడిగారు. బెల్టులు మార్చలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళకి ఆయిలు మార్చే తేదీల గురించి ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి నేను. ఒకాయన గొలుసు వదులుగా ఉందని అందరి ముందూ చివాట్లు పెట్టినవాణ్ణి. "ఏం లేదండి, బ్యాటరీ ఛార్జింగులో ఉంది" అన్నాను. రెండో ఆదివారం ఇంకేదో చెప్పాను. మూడో ఆదివారం ఎవరో, "మీ ఇటలీ బండి ఇక గుళ్ళో మూలవిరాట్టేనా?" అన్నారు. అందరూ నవ్వారు.

నాలుగో ఆదివారం నేను దుప్పటి తీశాను. గోడౌను నుంచి టిఫిన్ బండికి నాలుగు కిలోమీటర్లు. మెల్లగా వెళ్ళి మెల్లగా వస్తే ఏమవుతుందనుకున్నాను. ఆ నాలుగు కిలోమీటర్లూ నేను రోడ్డు చూడలేదు, చెవులు ఇంజనుకి అప్పగించి వెళ్ళాను. చేరాక ముందు ఇంజను ఆపి, తర్వాత స్టాండు వేసి దిగాను. అందరూ చుట్టూ చేరారు. అప్పుడప్పుడు మాతో కలిసే మేస్త్రి ఆ రోజు రాలేదు. వస్తే జరిగేది కాదు.

బావగారు టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చి, "రెండేళ్ళయిందండి బావగారూ మీరు మాటిచ్చి. ఇవాళ కోరుకొండ దాకా నేను తీసుకెళ్తాను. మీరు నా బండి మీద రండి" అన్నారు.

మాటిచ్చిన మాట నిజమే. ఆయన అడిగినప్పుడల్లా తర్వాత తర్వాత అంటూ వచ్చాను. ఎవరో వెనక నుంచి, "ఇవ్వరండీ ఆయన, అరిగిపోతుంది" అన్నారు. మళ్ళీ నవ్వులు.

చెప్పాల్సింది ఒక్క మాట. బెల్టు పగిలి ఉందండి, వద్దు. అంతే. ఆ మాటకి బదులు నా నోట్లోంచి, "మెల్లగా పోనివ్వండి, చాలా రోజులైంది తీసి. ఐదువేల ఆర్పీఎం దాటించకండి" అని వచ్చింది. తాళం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కూర్చున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. గుడిలో మొదటి మెట్టు మీద కాలు పెట్టినట్టు, జాగ్రత్తగా. మొదటి రెండు కిలోమీటర్లు నేను చెప్పినట్టే మెల్లగా వెళ్ళారు. నేను ఆయన టూ స్ట్రోక్ మీద వెనకే ఉన్నాను. ఊరి ఇళ్ళు అయిపోయి, రెండు వైపులా మొక్కజొన్న చేలు మొదలయ్యాక, ఎర్ర బండి ఒక్కసారిగా ముందుకు దూకింది.

నేను హారను కొట్టాను. ఆయన తల తిప్పలేదు. మళ్ళీ కొట్టాను, వదలకుండా కొట్టాను. హెడ్‌లైటు ఆర్పి వెలిగించాను. టూ స్ట్రోక్‌ని ఎంత తిప్పగలనో అంతా తిప్పాను. ఆయనకీ నాకూ మధ్య దూరం పెరుగుతూనే ఉంది. నేను గొంతు చించుకుని అరిచాను, ఏం అరిచానో తెలియదు. హెల్మెట్లో నా అరుపు నాకే వినబడింది. వంద దాటి ఉంటారు. దూరంగా రోడ్డు మలుపు, మలుపు అవతల కోరుకొండ గుట్ట. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఆ మలుపు దాకా వెళ్ళడానికి నాకు అర నిమిషం పట్టిందేమో. ఆ అర నిమిషంలో నేను ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. ఆయన ఇద్దరు ఆడపిల్లల మొహాలు మాత్రం కళ్ళముందుకు వచ్చాయి.

మలుపు తిరిగాక మొదట కనిపించింది ఆర్టీసీ బస్సు. రోడ్డు మీద ఆగి ఉంది. దాని వెనక తారు మీద ఒక నల్లటి గీత, సూటిగా వచ్చి, బస్సుకి కాస్త ఇవతల ఎడమ మార్జిన్‌లోకి తిరిగింది. బండి కంకరలో ఒరిగి పడి ఉంది. బావగారు మైలురాయికి ఆనుకుని కూర్చుని, ఎడమ మణికట్టుని కుడిచేత్తో పట్టుకుని ఉన్నారు. బస్సు దిగినవాళ్ళు చుట్టూ మూగారు. ఎవరో నీళ్ళు తాగిస్తున్నారు.

నన్ను చూసి ఆయన మొదట అన్న మాట, "క్షమించాలండి బావగారూ, మీ బండి పాడు చేశాను."

నేను ఆయన పక్కన కూలబడ్డాను. ఆయన చెబుతూనే ఉన్నారు. "మీరు ఐదువేలు దాటొద్దన్నారు. దాటించాను. ఏదో ఫట్‌మంది. చక్రం పట్టేసింది. నా బండి అలవాటు కదా, వేళ్ళు క్లచ్ మీదే ఉన్నాయి, నొక్కేశాను. లేకపోతే బస్సు కిందికి పోయేవాణ్ణి."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. "ముందు చెయ్యి చూపిద్దాం పదండి" అన్నాను.

మణికట్టు విరిగిందన్నారు ఎముకల డాక్టరు. ఆరువారాలు కట్టు. సాయంత్రానికి ఆయన భార్య వచ్చారు. ఆసుపత్రి వరండాలో నాకు దణ్ణం పెట్టి, "సమయానికి మీరుండబట్టి సరిపోయింది అన్నయ్యగారూ" అన్నారు. మూడు రోజుల తర్వాత మా ఇంటికి ఒక డబ్బా నిండా పూతరేకులు పంపించారు. మా ఆవిడ ప్లేటులో పెట్టి ఇస్తే కొరికాను. మిగతాది ప్లేటులోనే వదిలేశాను. కడుపులో బాగాలేదని చెప్పి లేచిపోయాను.

ఎర్ర బండి మళ్ళీ ట్రక్కు ఆటో ఎక్కి, వంతెన దాటి కొవ్వూరు చేరింది. మేస్త్రి విప్పుతుంటే బావగారు కట్టు చేత్తోనే వచ్చి కూర్చునేవారు. ఒంటిచేత్తో నట్లు ఏరి, కిరసనాయిల్లో కడిగి, గుడ్డ మీద వరసగా పెట్టేవారు. "నేను చేసిన పాడు, నేను కూర్చోకపోతే ఎలాగండి" అనేవారు. తన టూ స్ట్రోక్ నా దగ్గరే ఉంచుకోమన్నారు, నా బండి లేచేదాకా. ఆయన ఒక్కొక్క మాటా నాకు ఒక్కొక్క దెబ్బ.

సిలిండరు హెడ్డు తీసిన రోజు ఆయన రాలేదు. రెండు వాల్వులు వంగి ఉన్నాయి. తెగిన బెల్టుని మేస్త్రి బల్ల మీద నిలువునా పరిచారు. పగుళ్ళు అలాగే ఉన్నాయి, తెగిన చోట మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు.

"ఆయన తాను ఎక్కువ తిప్పడం వల్ల పోయిందనుకుంటున్నాడండి."

"అవునండి."

"ఎల్లుండి వస్తానన్నాడు. వస్తే ఈ బెల్టు చూస్తాడు. ఏంటిదని అడిగితే నేను అబద్ధం చెప్పను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మర్నాడు పొద్దున్న టూ స్ట్రోక్ వేసుకుని బయలుదేరాను. ధవళేశ్వరం బ్యారేజీ మీద గాలి బండిని పక్కకి తోస్తోంది. దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను. ఓడవాళ్ళు ఆలస్యం చేశారని మొదలుపెడదామనుకున్నాను. తర్వాత, నలుగురిలో అడిగారు కాబట్టి కాదనలేకపోయానని చెబుదామనుకున్నాను. ఆత్రేయపురం దాటేసరికి అవన్నీ ఎంత చవకగా ఉన్నాయో నాకే తెలిసింది.

బావగారు తోట దగ్గర గెలలు లారీకెక్కిస్తుంటే నిలబడి చూస్తున్నారు. నన్ను చూసి నవ్వి, "ఏంటండి, చెప్పాపెట్టకుండా" అన్నారు. పక్కకి రమ్మన్నాను. కాలువ గట్టు మీద నిలబడి చెప్పేశాను. బెల్టు పగిలిందని నెల ముందే తెలుసని, కదపొద్దని మేస్త్రి చెప్పారని, తెలిసీ తాళం ఇచ్చానని.

ఆయన కట్టు చేతిని రెండో చేత్తో పట్టుకుని కాలువ వైపు తిరిగారు. అటే చూస్తూ అడిగారు.

"వెనకనుంచి హారను కొట్టింది అందుకేనా?"

"అందుకేనండి."

"నేను పోటీకి పిలుస్తున్నారనుకున్నాను. నా బండి మీద మీరు నన్ను దాటేద్దామని చూస్తున్నారనుకున్నాను. అందుకే ఇంకా తిప్పాను."

ఐదువేలు దాటొద్దన్న నా మాటని ఆయన మొదట్లో పాటించారు. దాటాక ఇంకా తిప్పించింది నా హారనే.

"బస్సు దిగుతున్నవాళ్ళలో ఒకావిడ చంకలో పిల్ల ఉంది. మీరు చూశారా?" అన్నారు.

"చూడలేదండి."

"నేను చూశాను." ఆయన గొంతు పెరగలేదు. "చక్రం పట్టేసినప్పట్నుంచి మార్జిన్‌లోకి తిరిగేదాకా నేను చూసింది ఆ పిల్లనే. నిద్ర పట్టట్లేదండి నాకు. నా తప్పని పట్టట్లేదు."

లారీ వాడు వచ్చి ఏదో అడిగితే జవాబు చెప్పి పంపించారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎండెక్కింది. భోజనం చేసి వెళ్ళండి" అన్నారు. బావగారూ అనలేదు.

భోజనం చేశాను. కాదనే ధైర్యం కూడా లేకపోయింది. ఆయన భార్య వడ్డిస్తూ, "పప్పు వేసుకోండి అన్నయ్యగారూ, ఏం తినట్లేదు" అంటున్నారు. ఆయన ఎదురుగా కూర్చుని, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తలవంచుకుని తింటున్నారు. ఆమెకి ఒక్క ముక్క చెప్పలేదు. టూ స్ట్రోక్ తాళం అరుగు మీద పెట్టి, బస్సులో తిరిగి వచ్చాను.

ఆ తర్వాత ఆయన ఆదివారాలు రావడం మానేశారు. నేను వెళ్ళాను. మిత్రులకి కూడా చెప్పేశాను, టిఫిన్ బండి దగ్గర నిలబడి, అందరికీ వినబడేలా. ఎవరూ తిట్టలేదు. గొలుసు విషయంలో నా చివాట్లు తిన్నాయన మాత్రం టీ పూర్తి చేయకుండా లేచి వెళ్ళిపోయారు. అది న్యాయమే అనిపించింది.

చలికాలంలో కాకినాడ పెద్దాయన దగ్గర్నుంచి పార్శిలు వచ్చింది. బెల్టులు, వాల్వులు, గాస్కెట్లు. మేస్త్రి పది రోజులు కూర్చుని హెడ్డు సరిచేశారు. చివరిరోజు బెల్టులు ఎక్కించే పని. దానికి ముగ్గురు కావాలన్నారు. ఒకరు ముందు సిలిండరు పుల్లీని, అంటే బెల్టు తిరిగే పళ్ళ చక్రాన్ని, గుర్తు మీద కదలకుండా పట్టుకోవాలి, ఒకరు వెనకది, బెల్టు ఎక్కించేది మేస్త్రి. మూడో మనిషి ఎవరండీ అని అడిగాను. "వస్తాడు" అన్నారు.

వచ్చింది బావగారే. మేస్త్రి కబురు పెట్టినట్టు నాకు తెలియదు. కట్టు విప్పేశారు, మణికట్టు సన్నగా, పాలిపోయి ఉంది. నాకు తల ఊపారు, నేనూ ఊపాను. ఆయన వెనక పుల్లీ పట్టుకున్నారు, నేను ముందుది. మేస్త్రి బెల్టు బిగువుగా లాగి పళ్ళ మీదికి నెట్టారు. ఒకటి ఎక్కింది. రెండోది ఎక్కింది. మేస్త్రి బిగించి, గుర్తుల వైపు చూసి, "సరిపోయినట్టే. చేత్తో రెండు చుట్లు తిప్పి చూద్దాం" అని పానా అందుకున్నారు.

రెండో బెల్టు ఎక్కేటప్పుడు నా చేతి కింద పుల్లీ కాస్త కదిలినట్టనిపించింది. వెంట్రుకవాసి, అంతే. గుర్తు కలిసినట్టే కనబడుతోంది. ఊరుకుంటే సరిపోయేదేమో కూడా.

"ఆగండి మేస్త్రిగారూ" అన్నాను. "నా చెయ్యి జరిగింది."

ఆయన పానా కింద పెట్టారు. లైటు దగ్గరికి లాగి, కళ్ళజోడు పైకి ఎత్తి, గుర్తుని పక్కనుంచి చూశారు. "ఒక పన్ను తేడా ఉందండి" అన్నారు. బెల్టు మళ్ళీ విప్పారు. బావగారు తన పుల్లీ వదలకుండానే నా చేతుల వైపు చూసి, "రెండు చేతులూ వాడండి, ఒంటిచేత్తో ఆగదది" అన్నారు. నాలుగు నెలల్లో ఆయన నాతో అన్న మొదటి మాట అది.

రెండోసారి సరిగ్గా కూర్చుంది. మేస్త్రి పానా నా చేతికిచ్చారు. ఎక్కడైనా తగిలినట్టుంటే బలం పెట్టకుండా ఆపెయ్యమన్నారు. మొదటి చుట్టు తిప్పుతుంటే నా చెమట ఇంజను మీద పడింది. ఎక్కడా తగల్లేదు. రెండో చుట్టు. తగల్లేదు. ప్లగ్గులు వేసి, పెట్రోలు పోసి, స్టార్టు చేశాం. మూడుసార్లు దగ్గి, అందుకుంది. మేస్త్రి చెవి దగ్గర పెట్టి విని, "ఇక వెళ్ళొచ్చు" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

బావగారు చేతులు కడుక్కుని తన బండి ఎక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆదివారాలు రావడం ఇంకో రెండు నెలలకి. బావగారూ అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టారో గుర్తులేదు, ఒకరోజు మాటల్లో దానంతటదే వచ్చేసింది. ఆయన భార్యకి ఆయనే ఎప్పుడో చెప్పారట. చాలాకాలం ఆవిడ నన్ను పలకరించి లోపలికి వెళ్ళిపోయేవారు, కాఫీ పనమ్మాయి తెచ్చేది.

ఒకసారి ధైర్యం చేసి తాళం ఆయన ముందు పెట్టాను. బెల్టులు మార్చి ఎన్ని నెలలైందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అన్నీ చెప్పాను. ఆయన విని, తాళం నా వైపే జరిపి, "మీ మీద కోపంతో కాదండి. దాని మీద కూర్చుంటే నాకా బస్సే కనబడుతుంది" అన్నారు.

మరో మూడేళ్ళకి ఆ బండి అమ్మేశాను. బావగారి మణికట్టు వానాకాలంలో ఇప్పటికీ పీకుతుంది. నన్ను దెప్పడానికి కాదు, మబ్బు పడుతోందనడానికి అన్నట్టు, ఫోనులో మామూలుగా చెబుతారు. కాపడం పెట్టుకోండి అంటాను. పెట్టుకున్నానండి అంటారు. తర్వాత ఆయన అరటి ధర గురించి మొదలుపెడతారు.